ఆపరేషన్‌కు ముందు యూరిన్ కల్చర్: డబ్బా చేతికిచ్చారు, ఎట్లా పట్టాలో చెప్పలేదు

దిండి_వాగు
మా నాయనకు నల్గొండలో ప్రోస్టేట్ ఆపరేషన్‌కు డేట్ ఇచ్చారు. ముందు యూరిన్ కల్చర్, అంటే మూత్రంలో బ్యాక్టీరియా ఉందేమో పెంచి చూసే పరీక్ష, కావాలన్నారు. ల్యాబ్ కిటికీ దగ్గర చిన్న ప్లాస్టిక్ డబ్బా చేతిలో పెట్టి "బాత్రూం అటు" అని వేలు చూపించారు, అంతే. నాయన పోయి పట్టుకొచ్చాడు, ఇచ్చాం, బస్సెక్కి మల్లేపల్లి వచ్చేశాం. తర్వాత వచ్చిన రిపోర్టులో "మిక్స్‌డ్ గ్రోత్, సాంపిల్ మళ్లీ ఇవ్వండి" అని ఉంది. సర్జన్ డేట్ వెనక్కి జరిపాడు. నేను పనికి సెలవు పెట్టుకున్నా, అక్క పిల్లల్ని వదిలేసి హైదరాబాద్ నుంచి వచ్చింది. అంతా వృథా.

ఇంకో ఇబ్బంది ఉంది. నాయన పుట్టింది మర్రిగూడ దిక్కు, ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన మనిషి. మోకాళ్లు వంగవు, నడుము తిరగదు. ఒక చేత్తో గోడ పట్టుకుంటే గానీ నిలబడలేడు. పైగా ధార సన్నగా, ఆగి ఆగి వస్తుంది. ఆ మనిషిని "మధ్యలోది పట్టు" అంటే ఎట్లా పడతాడు? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి. ఈసారి వెనక్కి రావద్దు.

పాలమూరు_ఎండలు
మా మామయ్యకూ జడ్చర్లలో ఇదే జరిగింది. ఆ రిపోర్టు చూసి పెద్ద ఇన్‌ఫెక్షన్ అనుకుని ఇంటిల్లిపాదీ పరేషాన్ అయినం. తీరా అది సాంపిల్ తప్పట.

ల్యాబ్_తమ్ముడు
నేను చేసేది ఇదే పని కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తున్నా.

మిక్స్‌డ్ గ్రోత్ అంటే ఇన్‌ఫెక్షన్ ఉందో లేదో ఆ సాంపిల్‌తో చెప్పలేం అని అర్థం. ల్యాబ్‌లో బ్యాక్టీరియాను పెంచే ప్లేటు మీద మూడు నాలుగు రకాల బ్యాక్టీరియా పెరిగితే అవి చాలావరకు చర్మం మీద నుంచి డబ్బాలోకి జారినవే. నిజంగా ఇన్‌ఫెక్షన్ ఉన్నవాళ్లలో మామూలుగా ఒకటే రకం కనిపిస్తుంది, మిల్లీలీటరుకు లక్ష కాలనీలు (ప్లేటు మీద పెరిగిన బ్యాక్టీరియా గుంపులు), అంతకు పైన. అందుకే మళ్లీ అడుగుతాం. మీ నాయనను ఇబ్బంది పెట్టాలని కాదన్నా.

మొదటి ధార ఎందుకు వదలాలంటే, కొత్తగా వేసిన బోరులో ముందు బురద నీళ్లు వచ్చి తర్వాత తేట నీళ్లు వస్తాయి కదా, అట్లాగే. మూత్రం వచ్చే దారి చివర్లో ఉన్న బ్యాక్టీరియాను మొదటి ధార కడుక్కుపోతుంది. మాకు కావలసింది మూత్రాశయంలో ఉన్నది.

పట్టే పద్ధతి ఇది. ముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి. మగవాళ్లయితే ముందు చర్మం వెనక్కి లాగి అక్కడ మామూలు సబ్బు, నీళ్లతో కడిగి, సబ్బు జిగురు పోయేదాకా నీళ్లు పోసి, శుభ్రమైన గుడ్డతో అద్దాలి. డబ్బా మూత అప్పుడే తీయాలి, ముందే తీసి పెట్టుకోవద్దు. మూతను బోర్లించకుండా లోపలి వైపు పైకి ఉండేట్టు పెట్టాలి. మొదటిది బయటికి వదిలి, ధార వస్తుండగానే డబ్బాను దాని కిందికి తేవాలి. సగం నిండితే చాలు, ఇరవై ముప్పై మిల్లీలీటర్లు మాకు సరిపోతుంది. మిగతాది మళ్లీ బయటికే. డబ్బా అంచుకు గానీ లోపల గానీ వేలు తగలొద్దు, ఒంటికి కూడా ఆనొద్దు.

మేం రోజూ చూసే తప్పు ఇంకోటి ఉంది. చాలామంది ఆ డబ్బాను నల్లా కింద కడిగి మరీ పడతారు! అది సీలుతో వచ్చిన స్టెరైల్ (ఏ క్రిములూ లేని) డబ్బా. నీళ్లతో కడిగితే ఉన్న శుభ్రం పోతుంది.

ధార సన్నగా వస్తే భయం లేదు. ఆపి మళ్లీ మొదలుపెట్టాల్సిన పని లేదు, కదలాల్సింది డబ్బానే. ఆగి ఆగి వస్తే మొదటి విడత వదిలేసి తర్వాతి విడతలు పట్టండి.

దిండి_వాగు
తమ్మీ, ఇంత వివరం ఆ కిటికీ దగ్గర ఒక కాగితం మీద రాసి అంటించినా మాకు సరిపోయేది. నాయన అసలు మొదటి చుక్క నుంచే పట్టాడట. నేనిప్పుడు అడిగితే చెప్పాడు.

వార్డు_అక్క
కాగితం అంటించినా చదవలేని పెద్దవాళ్లు ఎంతోమంది వస్తారు తమ్ముడూ. నోటితో చెప్పాలి. మా వార్డులో కొత్తగా వచ్చే పిల్లలకు నేను అదే చెప్తుంటాను: డబ్బా ఇచ్చాక ఒక్క నిమిషం ఆగి, ఎట్లా పడతారో వాళ్ల చేతే చెప్పించు, అప్పుడు పంపించు.

మీ నాయనగారి సంగతికి వస్తా. మోకాళ్లు వంగని వాళ్లను ఇండియన్ టాయిలెట్‌కు పంపొద్దు. నిలబడగలిగితే వాకర్ గానీ గోడకున్న రాడ్ గానీ రెండు చేతులతో పట్టుకుని నిలబడమనండి. కడగడం, డబ్బా పట్టడం మీరు చేయండి. చేతులు కడుక్కుని గ్లౌజులు వేసుకుంటే మంచిది. పక్క నుంచి నిలబడండి, ఎదురుగా నిలబడితే పెద్దాయనకు సిగ్గుతో రానే రాదు. నిలబడలేకపోతే కమోడ్ మీద కూర్చోబెట్టి బాగా ముందుకు జరపండి, ధార కింద డబ్బా పట్టే సందు దొరుకుతుంది.

ఒక్కటి మాత్రం చేయొద్దు. మంచం పక్కన పెట్టుకునే యూరిన్ పాట్‌లో పోయించి దాంట్లోంచి డబ్బాలోకి వంపొద్దు. కల్చర్‌కు అది పనికిరాదు.

మూసీ_ఒడ్డు
వార్డు అక్క చెప్పిన సిగ్గు సంగతి నిజం. మా తాతకు నల్లా కొంచెం తిప్పి నీళ్ల చప్పుడు వినిపిస్తే గానీ రాలేదు. నర్సమ్మ అది చూసి, తాతా ఇంటికి పోయేటప్పుడు ఈ నల్లా కూడా తీసుకుపో అన్నది. వార్డంతా నవ్వింది, తాత కూడా.

హాలియా_రైతు
ఇంత బాధ ఎందుకు? మా ఊరి డాక్టరు ఐదు రోజుల గోలీలు రాసిచ్చాడు మా అన్నకు, ఆ తర్వాత కల్చర్ ఇస్తే ఏమీ రాలేదు. ఆపరేషన్ కూడా మంచిగా అయింది. ముందే గోలీలు వేసుకుంటే తిప్పలు ఉండదు కదా.

ల్యాబ్_తమ్ముడు
అన్నా, అట్లా ఎవరికీ చెప్పకండి. యాంటీబయాటిక్ వేసుకుని ఇస్తే బ్యాక్టీరియా లోపల ఉన్నా మా ప్లేటు మీద పెరగకపోవచ్చు. రిపోర్టు ఖాళీగా వస్తుంది, సర్జన్ ఏమీ లేదనుకుంటాడు. కల్చర్‌కు ఇచ్చేది ఏ గోలీ మొదలుపెట్టకముందే ఇవ్వాలి. ఇప్పటికే వాడుతుంటే పేరు, ఎప్పటి నుంచో చీటీ మీద రాయించండి.

ఓపీ_చీటీ
నేను సర్జరీ పీజీని. హాలియా రైతు గారూ, మీ అన్నకు బాగైంది, సంతోషం. కానీ ప్రోస్టేట్, కిడ్నీ రాళ్ల ఆపరేషన్లలో కల్చర్ ఎందుకడుగుతామో కాస్త వినండి.

మూత్రం వచ్చే దారిలోంచి పరికరం పంపి ప్రోస్టేట్‌ను గీకినా, రాయిని పగలగొట్టినా లోపలి పొర చిట్లుతుంది, రక్తం వస్తుంది. ఆపరేషన్ అంతసేపూ లోపలికి ఒత్తిడితో నీళ్లు పోతూనే ఉంటాయి. మూత్రంలో బ్యాక్టీరియా ఉంటే ఆ చిట్లిన చోటు నుంచి నేరుగా రక్తంలోకి పోతుంది. ఆపరేషన్ సాయంత్రానికి చలిజ్వరం, బీపీ పడిపోవడం, ఐసీయూ. అందుకే ముందు కల్చర్ చేసి, ఏ బ్యాక్టీరియా ఉందో, దానికి ఏ మందు పనిచేస్తుందో చూసి, ఆ మందు మొదలుపెట్టి అప్పుడు టేబుల్ మీదికి తీసుకుంటాం. గుడ్డిగా ఇచ్చిన ఐదు రోజుల గోలీలు ఆ బ్యాక్టీరియాకు లొంగేవి కాకపోతే?

కల్చర్ పెరగడానికి ఒకటి రెండు రోజులు, మందుల పరీక్షకు ఇంకో రోజు పడుతుంది. కాబట్టి ఆపరేషన్ ముందురోజు ఇస్తే లాభం లేదు, మూడు నాలుగు రోజుల ముందైనా ఇవ్వాలి. అట్లాగని నెల కిందటి రిపోర్టు తెచ్చినా మేం ఒప్పుకోం.

కోదాడ_కోడలు
మరి మా అత్తమ్మకు మోకాలి మార్పిడికి కూడా కల్చర్ అడిగారు. బ్యాక్టీరియా ఉందన్నారు. ఆమెకు మంట లేదు, జ్వరం లేదు, ఏమీ లేదు. అయినా కోర్సు వాడించి, ఆపరేషన్ వాయిదా వేశారు. మోకాలికీ మూత్రానికీ ఏం సంబంధమని అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పలేదు.

ఓపీ_చీటీ
మీరు అడిగింది సరైన ప్రశ్న. బ్యాక్టీరియా ఉండి లక్షణాలు లేకపోతే గర్భిణులకూ, లోపలి పొర చిట్లే యూరాలజీ ఆపరేషన్లకూ తప్ప మందు అక్కర్లేదని అమెరికాలోని అంటువ్యాధుల నిపుణుల సంఘం 2019లో మార్గదర్శకాలు ఇచ్చింది. మోకాలు, హెర్నియా, కంటి శుక్లం ఇవేవీ ఆ లెక్కలోకి రావు. పెద్దవయసు ఆడవాళ్లలో, షుగర్ ఉన్నవాళ్లలో ఏ బాధా లేకుండా మూత్రంలో బ్యాక్టీరియా ఉండటం మామూలే.

పాలమూరు_ఎండలు
అంటే వాయిదా వేసిన డాక్టరుది తప్పంటారా?

ఓపీ_చీటీ
ఆమెను చూడకుండా తప్పని ఎట్లా అంటాను. కృత్రిమ కీలుకు ఇన్‌ఫెక్షన్ వస్తే అది మహా కష్టం, ఆ భయంతో చాలామంది ఎముకల సర్జన్లు పాత అలవాటు వదలరు. నా అభిప్రాయం మాత్రం మార్గదర్శకాల వైపే. మంట, జ్వరం, మాటిమాటికీ పోవడం ఉంటే అది వేరు, తప్పకుండా వైద్యం చేయాలి.

కోదాడ_కోడలు
నాకైతే జాగ్రత్తే మంచిదనిపిస్తుంది. ఆ వయసులో ఇంకోసారి మోకాలు కోయించుకోలేదు కదా.

వార్డు_అక్క
జాగ్రత్త మంచిదే కోడలమ్మా. అక్కర్లేని యాంటీబయాటిక్ వాడితే మాత్రం రేపు నిజంగా అవసరం వచ్చినప్పుడు అది పనిచేయదు. కల్చర్ రిపోర్టుల్లో వరసగా ఆర్, ఆర్, ఆర్ (ఆ మందు పనిచేయదని గుర్తు) అని ఉన్న మనిషిని చూస్తే గుండె జారిపోతుంది. నోటి మందు ఒక్కటీ మిగలక ఇంజెక్షన్లకే అడ్మిట్ అవుతారు.

కృష్ణ_ఆవలి_గట్టు
ఆడవాళ్ల సంగతి ఇంతవరకు ఎవరూ ఎత్తలేదు, నేను రాస్తాను. నాకు మహబూబ్‌నగర్‌లో గర్భసంచి ఆపరేషన్ ముందు ఇదే పరీక్ష. కిటికీలో మగపిల్లాడు. వాడికి చెప్పడానికి సిగ్గు, నాకు అడగడానికి సిగ్గు. "శుభ్రంగా పట్టండి మేడం" అన్నాడు. శుభ్రంగా అంటే ఏమిటి? రిపోర్టులో ఎపిథీలియల్ సెల్స్ నిండా అని వచ్చింది, మళ్లీ ఇవ్వమన్నారు.

రెండోసారి ఒక పెద్ద నర్సమ్మ పక్కకు పిలిచి, గొంతు తగ్గించకుండా మామూలుగా చెప్పింది. కాళ్లు ఎడంగా పెట్టి కూర్చో. ఎడమచేతి రెండు వేళ్లతో అక్కడి మడతలు విడదీసి పట్టుకో, అయిపోయేదాకా వదలకు. తడి గాజుగుడ్డతో ముందు నుంచి వెనక్కి ఒక్కసారి తుడిచి పారెయ్, ఇంకో గుడ్డ తీసుకుని ఇంకోసారి. వెనక నుంచి ముందుకు ఎప్పుడూ తుడవకు. మొదటిది వదిలి కుడిచేత్తో డబ్బా పట్టు. తెల్లబట్ట అవుతుంటే, నెలసరి ఉంటే శుభ్రమైన దూది లోపల అడ్డం పెట్టుకో, ల్యాబ్‌లో ఆ మాట చెప్పు. వీలైతే నెలసరి అయిపోయాక ఇవ్వడమే మంచిది అన్నది.

ఇంత చిన్న విషయం చదువుకున్న నాకే ఎవరూ చెప్పలేదంటే తండాల నుంచి, గూడేల నుంచి వచ్చే అక్కలకు ఎవరు చెప్తారు? ప్రతి ల్యాబ్‌లో ఆడవాళ్లకు చెప్పడానికి ఒక ఆడమనిషి ఉండాలి. నేనిది గట్టిగా అంటున్నా.

ల్యాబ్_తమ్ముడు
అక్కా, మీరన్నది నూటికి నూరుపాళ్లు నిజం. నాకూ చెప్పడానికి ఇబ్బందే. ఎపిథీలియల్ సెల్స్ నిండా అంటే చర్మం, పొరల కణాలు కలిశాయని గుర్తు. అట్లాంటి సాంపిల్‌లో పెరిగింది ఏదైనా అనుమానంతోనే చూస్తాం.

నల్లమల_గాలి
కడగడానికి డెట్టాల్ వాడొచ్చా? మా ఆవిడ అదే పట్టుకుని కూర్చుంది.

ల్యాబ్_తమ్ముడు
వద్దన్నా. అది కొంచెం డబ్బాలో పడినా బ్యాక్టీరియాను చంపేస్తుంది, ఫలితం తప్పొస్తుంది. మామూలు సబ్బు, నీళ్లు చాలు.

నల్లమల_గాలి
మరి మాది చిన్న బాబు సంగతి. ఎనిమిది నెలలు, కిడ్నీ దగ్గర గొట్టం సన్నగా ఉందని ఆపరేషన్ అన్నారు. వాడికి మొదటిది, మధ్యది అంటే ఏం తెలుసు? అతికించే సంచి ఇచ్చారు, అందులో పట్టి ఇస్తే బ్యాక్టీరియా వచ్చింది. నిజమా కాదా?

వార్డు_అక్క
సంచిలో పట్టినదాంట్లో ఏమీ రాకపోతే నమ్మొచ్చు, వస్తే మాత్రం నమ్మలేం. చర్మానికి ఆని ఉంటుంది కదా. మళ్లీ నేరుగా డబ్బాలో పట్టి ఇవ్వండి. పాలు పట్టిన కాసేపటికి కడిగి, డైపర్ లేకుండా ఒళ్లో కూర్చోబెట్టుకుని, ఇంకొకరు డబ్బా పట్టుకుని సిద్ధంగా ఉండాలి. గాజుగుడ్డ చల్లని నీళ్లలో తడిపి పొత్తికడుపు మీద, బొడ్డు కింద, గుండ్రంగా మెల్లగా రుద్దండి. పిల్లలు తొందరగా పోస్తారు.

ఓపీ_చీటీ
అక్క చెప్పిన దానికి పరీక్ష కూడా జరిగింది. 2017లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ డాక్టర్లు ఏడాదిలోపు పిల్లల మీద చేశారు. అట్లా రుద్దితే ఐదు నిమిషాల్లో 31 శాతం మంది పోశారు, ఊరికే ఎదురుచూస్తే 12 శాతం. అంటే రుద్దినా ముగ్గురిలో ఇద్దరు పోయలేదు, ఓపిక కావాలి. అయినా రాకపోతే సన్న గొట్టంతో మేమే తీస్తాం, భయపడొద్దు.

నల్లమల_గాలి
ఇంకో డౌట్. అచ్చంపేటలో ఇంటి దగ్గర పట్టి మహబూబ్‌నగర్ తేవొచ్చా?

ల్యాబ్_తమ్ముడు
ఎండాకాలం బస్సులో అంత దూరం ఊరికే తేవొద్దు. వెచ్చగా ఉంటే కొన్ని రకాల బ్యాక్టీరియా ఇరవై నిమిషాలకోసారి రెట్టింపు అవుతుంది. పొద్దున పది ఉన్నవి మధ్యాహ్నానికి లక్షలు, లేని ఇన్‌ఫెక్షన్ ఉన్నట్టు రిపోర్టు. పట్టిన గంటలో ల్యాబ్‌కు చేరాలి, మహా అయితే రెండు గంటలు. కుదరకపోతే డబ్బాను రెండు కవర్లలో కట్టి ఐసు ముక్కలున్న ఫ్లాస్కులో పెట్టి తెండి, గడ్డ కట్టొద్దు. ఫ్రిజ్‌లో నాలుగు డిగ్రీల దగ్గర ఉంచితే ఇరవై నాలుగు గంటల దాకా పర్వాలేదు. ల్యాబ్‌కు వచ్చి అక్కడే పట్టడం అన్నింటికన్నా మేలు.

మూసీ_ఒడ్డు
ఫ్రిజ్‌లోనా! మా అమ్మ ఉన్న ఇంట్లో అది జరగదు. పెరుగు గిన్నె పక్కన ఇది కనిపిస్తే ముందు నన్ను కల్చర్‌కు పంపిస్తుంది.

పాలమూరు_ఎండలు
స్టీలు టిఫిన్ డబ్బాలో పెట్టి మూత వేసి, కింది అరలో పెట్టండి. మీద కాగితం అంటించండి, లేకపోతే ఎవరైనా మధ్యాహ్నం తెరుస్తారు.

హాలియా_రైతు
నీళ్లు ఎక్కువ తాగి పోతే తొందరగా వస్తుంది కదా, అదైనా చేయొచ్చా?

ల్యాబ్_తమ్ముడు
మామూలుగా తాగండి అన్నా. లీటర్లు తాగితే పలచబడి లెక్క తగ్గుతుంది. పొద్దున లేవగానే పోసేది మంచిది. కనీసం నాలుగు గంటలు లోపల నిలిచి ఉండాలి. ఇందాక మీతో కొంచెం గట్టిగా మాట్లాడినట్టున్నా, ఏమనుకోకండి.

హాలియా_రైతు
ఏం లేదు తమ్మీ. గోలీల సంగతి మా ఊర్లో కూడా చెప్తా.

దిండి_వాగు
నిన్న రాత్రి అక్కా నేనూ నాయనను తీసుకుని నల్గొండలో చుట్టాల ఇంట్లో ఉన్నాం, పొద్దున బస్సు ఎండ లేకుండా. ల్యాబ్ తెరవగానే అక్కడే పట్టాం. నాయన వాకర్ పట్టుకున్నాడు, నేను పక్క నుంచి డబ్బా పట్టా. ఈసారి కిటికీ దగ్గరున్న అమ్మాయిని పేరు ఎక్కడ రాశావమ్మా అని అడిగితే మూత మీద రాసింది. మూత మారితే ఎట్లా అని డబ్బా మీద కూడా రాయించా. పట్టిన టైమ్ కూడా వేయించా. మూడు రోజులన్నారు.

వార్డు_అక్క
పేరు డబ్బా మీదే ఉండాలి. మంచి పని చేశారు. రిపోర్టులో పస్ సెల్స్ (చీము కణాలు) కొంచెం ఎక్కువున్నా కంగారు పడొద్దు. ప్రోస్టేట్, రాళ్లు ఉన్నవాళ్లలో బ్యాక్టీరియా లేకుండా కూడా అవి కనిపిస్తాయి. సర్జన్ కల్చర్‌తో కలిపి చూసుకుంటారు.

నకిరేకల్_చౌరస్తా
ఆలస్యంగా చూశాను, నాదో ప్రశ్న. మా పెదనాయనకు మూత్రం బందై నెల నుంచి క్యాథెటర్ (మూత్రం బయటికి తెచ్చే గొట్టం, దానికో బ్యాగు) ఉంది. వచ్చే వారం ప్రోస్టేట్ ఆపరేషన్. బ్యాగులోంచి పట్టి ఇవ్వమని ఇంట్లోవాళ్లు అంటున్నారు. ఇవ్వొచ్చా?

వార్డు_అక్క
బ్యాగులోది అస్సలు వద్దు. గంటల తరబడి నిలిచి అందులో అన్నీ పెరిగి ఉంటాయి. గొట్టాన్ని మీరు ఊడదీసి కూడా పట్టొద్దు, లోపలికి కొత్త ఇన్‌ఫెక్షన్ పోతుంది. ఆసుపత్రికి తీసుకురండి. రెండు వారాలు దాటిన క్యాథెటర్ కాబట్టి డాక్టరుకు చెప్పి ముందు దాన్ని మార్పించి, కొత్తదాంట్లోంచి తీయించండి. గొట్టం మీద సాంపిల్ తీసే చోటు ఉంటుంది. దాని కింద కాసేపు క్లిప్ వేసి, స్పిరిట్‌తో తుడిచి, సిరంజితో లాగి నేరుగా స్టెరైల్ డబ్బాలోకి పంపిస్తాం. చీటీ మీద "క్యాథెటర్ సాంపిల్" అని రాయించడం మరిచిపోవద్దు. ల్యాబ్‌వాళ్లు దాన్ని వేరేగా లెక్కిస్తారు.

నకిరేకల్_చౌరస్తా
రేపు పొద్దున్నే తీసుకెళ్తాం అక్కా. మార్చేటప్పుడు నొప్పి ఉంటుందా? ఆయన దానికే భయపడుతున్నాడు.

వార్డు_అక్క
మత్తు జెల్లీ వేసి కొద్ది నిమిషాలు ఆగితే పెద్దగా ఉండదు. ఆ జెల్లీ వేయమని ముందే అడగండి. రక్తం పలచబడే గోలీలు వాడుతుంటే ఆ చీటీ కూడా వెంట తెండి.